ఆ రోజు ఏట్లో మొసలి లేదు

దగ్గర దగ్గర యాభై ఏళ్ళుగా ఒక మొసలిని మోస్తున్నాను. మా ఏటి ఒడ్డు పల్లెలో చిన్నా పెద్దా అందరికీ తెలిసిన మొసలి అది. ఏరు దాటించే పుట్టి నడిపే ఈరన్నను పట్టుకుపోయిన మొసలి. దాన్ని కళ్ళారా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. పెళ్ళిళ్ళలో, దినాల్లో, బస్సు కోసం కాచుకున్న చోట ఎవరో ఒకరు అడుగుతారు. నేను చెబుతాను. పొడవు ఎంత, తోక ఎట్లా కొట్టింది, కళ్ళు ఎట్లా ఉన్నాయి. చెప్పి చెప్పి, చివరికి ఆ కళ్ళు నాకే కలలో కనపడేవి.

ఆ రోజు ఏట్లో మొసలి లేదు.

ఈ ఒక్క ముక్క కాగితం మీద పెట్టడానికి ఇంత ముసలితనం రావలసి వచ్చింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముఖం చూస్తూ చెప్పగలిగే ధైర్యం ఉంటే ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ణి. నా పేరు రాయను. మిగిలిన పేర్లు మార్చాను. ఊరు ఏదని వెతకవద్దు. ఎమ్మిగనూరు నుంచి ఉత్తరంగా పోతే తుంగభద్ర ఒడ్డున కనపడే పల్లెల్లో ఒకటి అనుకోండి చాలు.

నేను బడికి పోయింది తక్కువ. నూలుకు రంగు వేసే ఇంట్లో పుట్టాను. అక్షరాలు బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాల మీద కూడబలుక్కున్నాను. తర్వాత ఎమ్మిగనూరుకు వచ్చి స్థిరపడ్డాక గ్రంథాలయంలో చేతికి దొరికిందల్లా చదివాను. అట్లా సొంతంగా చదువుకున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. లోకంలో జరిగే ప్రతి తప్పూ తన మీదికే వచ్చినట్టు మండిపడతాడు. నాకు ఆ జబ్బు ముదిరిపోయింది. కరెంటు వాళ్ళ మీద, టీవీ వాళ్ళ మీద, తూకంలో మోసం చేసేవాళ్ళ మీద అరవని రోజు లేదు. మా వీధిలో పిల్లలు "పెద్దాయనకు ఈ పొద్దు ఎవరి మీద?" అని నవ్వుకుంటారు. ఇంత మంది మీద కోప్పడిన మనిషి నన్ను మాత్రం ఎందుకు వదిలేశాడు? ఆ కోపమంతా ఇక్కడ పడవలసింది కాదా? బహుశా నా మీద పడకుండా ఉండటానికే ఊరంతా చల్లుకుంటూ పోయానేమో.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య ఉరుకుందమ్మ ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

ఉరుకుందమ్మ ఈరన్న భార్య. ఆదోనిలో కొడుకు దగ్గర ఉంటుంది. ఈరన్న పోయినప్పుడు ఆ కొడుకు చంకలో పిల్లవాడు. ఇప్పుడు పత్తి మిల్లులో పనిచేస్తాడు, తల్లి మాట దాటడు. అతని కూతురు శిరీష విశాఖపట్నంలో చదువుకుంటోంది. ఉరుకుందమ్మ నన్ను అన్నా అని పిలుస్తుంది. నా తోడబుట్టినవాళ్ళు కూడా అంత నిండుగా పిలవలేదు. తన మొగుణ్ణి కాపాడబోయి చావు అంచు దాకా పోయి వచ్చినవాణ్ణని ఆమె నమ్మకం. పండగ వస్తే ఓళిగలు చేసి బస్సులో ఎవరో ఒకరి చేతికిచ్చి పంపిస్తుంది. నేను తింటాను. ఎట్లా తిన్నానో ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంది. కానీ తిన్నాను, ప్రతిసారీ.

ఆ రోజు గడపలో కూర్చుని ఫోన్ నా ముఖం మీద పెట్టింది. సముద్రం. ఒక పొడుగాటి చెక్క. దాని మీద బోర్లా పడుకున్న అమ్మాయి అల వచ్చేసరికి లేచి నిలబడింది. చేతులు చాపుకుని ఒడ్డు వైపు జారుకుంటూ వచ్చి చివర్లో పడిపోయింది. నవ్వుతూ లేచింది.

"సూడన్నా ఈ పిల్ల సేసే పని. సదువుకోమని పంపిస్తే సముద్రంలో సెక్క మీద నిలబడుకోని ఆడుతాంది. దానికి నేర్పిచ్చేటోళ్ళు కూడా ఉండారంట."

"బాగా నిలబడిందే," అన్నాను, నోరు జారి.

"ఏం బాగు? ఆడ సొరచేపలు ఉంటాయంట గదా. టీవీలో సూపిచ్చినారు, యాడనో దేశంలో ఇట్లనే సెక్క మీద ఆడేటోని కాలు కొరికేసిందంట. మా ఇంటి మొగోణ్ణి ఏరు తినె. ఈ పిల్లను సముద్రానికి ఇయ్యల్నా? వాళ్ళ నాయనకు సెప్పినా, సదువు సాలు, పోయి పిల్చుకోని రాప్పా అని. ఆయప్ప పోతానన్నాడు. పిల్ల ఇనేటట్టు ల్యాదు. నువ్వు సెప్పన్నా. కండ్లతో సూసినోడివి నువ్వే. ఆ మొసలి సంగతి నీ నోటితో ఇంటే దానికి బుద్ధి వస్తాది."

ఆదివారం మళ్ళీ వస్తానని, ఇద్దరం కలిసి ఫోన్ చేద్దామని చెప్పి ఆదోని బస్సుకు పోయింది.

ఆదివారం దాకా నేను గ్రంథాలయంలో సొరచేపల గురించి దొరికినంత చదివాను. నాకు అర్థమైనంత వరకు, సొరచేప మనిషిని వెతుక్కుంటూ రాదు. అది మనిషిని కొరకడం చాలా అరుదు. సముద్రంలో ప్రాణాలు తీసేది చాలావరకు నీళ్ళే. ఒడ్డుకు కొట్టిన అల వెనక్కి పోతూ లాగే లాగుడు. దానికి పళ్ళు లేవు కాబట్టి టీవీలో చూపించరు. నాకు ఒళ్ళు మండింది. పక్కన పేపరు చదువుకుంటున్న ఒకాయనను పట్టుకుని, మనుషులు పళ్ళున్నదాన్ని చూసి వణుకుతారు గాని కళ్ళముందు పారే నీళ్ళను లెక్కచేయరని, ఈ వార్తల వాళ్ళు అడ్డమైన భయాలూ జనం బుర్రల్లోకి ఎక్కిస్తారని గట్టిగా మొదలుపెట్టాను. సగంలో నోరు ఆగిపోయింది. ఆయన "ఊ, తర్వాత?" అన్నాడు. తర్వాత ఏముంది? మా ఊరి బుర్రలోకి ఆ భయం ఎక్కించినవాణ్ణి నేనే కదా.

ఈరన్న పోయిననాటికి నాకు పెళ్ళి కాలేదు. ఏటి అవతల, రాయచూరు వైపు ఊళ్ళో ఒక మేస్త్రికి ఎర్రనూలు ఇవ్వాలి. ఆయన మగ్గాలు మా నూలు కోసం ఆగి ఉన్నాయి. ఆలస్యమైతే ఇకమీదట రంగు పని ఇంకొకరికి ఇస్తానని కబురు పంపాడు. ఆ పనిని ఒప్పుకున్నది నేను, మా నాయన కాదు. ఇంట్లో నా మాట మీద తెచ్చిన మొదటి పని అది. పొడవాటి చుట్టగా చుట్టి నడుమ ముడి వేసిన నూలును మేము చిలప అంటాం. రంగు వేసిన చిలపల్ని ఏట్లో జాడించాలి, ఇంక రంగు దిగదు అనేదాకా జాడించాలి. నేను జాడించలేదు. తొందర. అట్లనే ఆరబెట్టి, చిలపల్ని దారాలతో ఒకదానికొకటి గుచ్చి మూటలు కట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

ముందు రోజు సాయంత్రం ఊళ్ళో దండోరా వేశారు. పైన డ్యాంలో నీళ్ళు వదిలారు, ఏట్లోకి ఎవరూ దిగవద్దని. నేను విన్నాను. వానలు పోయిన కాలం. బురద లేదు. పెరిగే నీళ్ళు కూడా అద్దంలా తేటగా ఉన్నాయి. తేటనీళ్ళు చూస్తే ఎవరికీ భయం పుట్టదు.

ఈరన్నది నా ఈడే. వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టిలో మనుషుల్ని అటూ ఇటూ దాటించేవాడు. ఎగతాళి మనిషి. ఏడ్చే పిల్లను కూడా నవ్వించి దించేవాడు. ఆ పొద్దున పుట్టిని ఒడ్డున బోర్లించి, దాని మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. పక్కన ఇంకో నలుగురైదుగురు ఉన్నారు.

"ఈ పొద్దు పుట్టి దిగదప్పా," అన్నాడు నా మూటలు చూసి. "దండోరా ఇనల్యా?"

"ఇన్నా. నీళ్ళు యాడ పెరిగినాయి? నడాన బండ ఇంకా కనపడతానే ఉంది గదా."

"బండ మునిగిన్యాక పిలుస్తావా? అప్పుడు పుట్టి ఎందుకు, ఇద్దరమూ నీ నూలు మూట మీద కూసోని పోదాం. మూటకు ఈత వస్తాది గదా?"

అందరూ నవ్వారు. నవ్వులో తప్పేమీ లేదు. వేరే రోజైతే నేనూ నవ్వేవాణ్ణి. కానీ నాకు రోషం పొడుచుకు వచ్చింది. ఆ తర్వాత నేను అన్న మాటలో ఒక్క అక్షరం కూడా మరిచిపోలేదు.

"మీ నాయన ఉన్నెప్పుడు ఇట్ల అడుక్కునే పని ల్యాకుండె. ఆయప్ప నీళ్ళను సూసి దిగేటోడు గాదు. నువ్వేమో పెండ్లాన్ని అడిగి రావల్ల. మొసలి కొరుకుతాదని బయ్యమైతే సెప్పు, మా ఇంట్లో సీర తెచ్చిస్తా, కట్టుకుందువు."

మొసలి అనే మాట మొదట వచ్చింది నా నోట్లోంచే. అది ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. నేను పెట్టుకున్నాను.

ఈరన్న బీడీ పారేశాడు. నవ్వు పోయింది.

"మొసలికేం బయ్యం. దాని కడుపు నిండితే గమ్మునుంటాది. నీళ్ళకు కడుపు నిండేది ల్యా." పుట్టిని తిప్పి నీళ్ళలోకి తోశాడు. "ఎక్కు."

నడి ఏట్లోకి పోయాం. పుట్టిలో మనిషీ బరువూ నడుమనే ఉండాలి. అది ఎవరికైనా తెలుసు. బండ దగ్గర నీళ్ళు పుట్టిని గిర్రున తిప్పాయి. ఒక మూట అంచుకు జారింది. అంచు మీదుగా నీళ్ళెక్కి నూలు తడిసింది. తడిసిన నూలు రాయి బరువు. "తోసెయ్ దాన్ని," అని ఈరన్న అరిచాడు. నేను తోయలేదు. దాన్ని వెనక్కి లాగడానికి నేను కూడా అంచుకే పోయాను. మూటను రెండు చేతులతో కౌగిలించుకున్నాను. పుట్టి మా మీద బోర్లపడింది.

నాకు ఈత అంతంతమాత్రం. ఈరన్న నా జుట్టు పట్టుకుని లాగి, బండ దాకా ఈడ్చుకుపోయి, కిందినుంచి పైకి తోశాడు. నేను బండ ఎక్కాను.

ఆ తర్వాత జరిగింది ఇక్కడ రాయలేకపోతున్నాను. కలం ఆడటం లేదు. దాటేసి ముందుకు పోతాను. మళ్ళీ ఇక్కడికి రావాలి. రాకపోతే ఈ రాసిందంతా ఇంకో అబద్ధమే. ప్రస్తుతానికి ఇంతే: నేను బండ మీద ఉన్నాను, ఈరన్న నీళ్ళలో కొట్టుకుని కొట్టుకుని మునిగిపోయాడు.

మూటలు విచ్చుకున్నాయి. కడగని ఎర్రరంగు ఆ తేటనీళ్ళలో దిగింది. బండ చుట్టూ నీళ్ళు ఎర్రగా తిరిగాయి. ఒడ్డున బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళకు కనపడింది ఆ ఎరుపు, ఆ ఎరుపులో కొట్టుకుంటున్న మనిషి. ఒకామె "మొసలి" అని కేక వేసింది. ఒక నోటి నుంచి ఇంకో నోటికి ఒడ్డంతా అదే కేక.

ఇంకో పుట్టిలో వచ్చి నన్ను తాడుతో లాగి ఒడ్డున పడేశారు. చుట్టూ ముఖాలు. ఎవరో నా గడ్డం పట్టుకుని అడిగారు.

"మొసలేనా?"

"ఊ," అన్నాను.

అంతే. ఒక్క ఊ. ఆ ఊలో పొడవు లేదు, తోక లేదు, కళ్ళు లేవు. అవన్నీ తర్వాత అడిగినవాళ్ళే ఒక్కొక్కటీ తగిలించారు. నేను తల ఆడించాను. ఎందుకు అన్నాను? చలికి వణుకుతూ, ఏ మాట వచ్చిందో తెలియని స్థితిలో అన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నాకు బాగా తెలుసు. మొసలి కాదంటే తర్వాతి ప్రశ్న "మరి దండోరా వేసినా ఎందుకు దిగారు, ఎవరు దిగమన్నారు" అని వస్తుంది. మొసలి అంటే ఇంక ఏ ప్రశ్నా ఉండదు. మొసలి ఎవరి తప్పూ కాదు. ఒడ్డున నా మాటలు విని నవ్విన ఆ నలుగురైదుగురికి కూడా అదే సులువు. అంత లెక్క ఆ వణుకులోనే వేసుకున్నాను.

ఎరుపు నూలు రంగేమోనని ఒకరిద్దరికి అనుమానం వచ్చింది. దాన్ని కొట్టిపారేసింది మా నాయనే. మా ఇంటి నూలు జాడించకుండా మూట కట్టరు, జాడించిన నూలు ఏట్లో వేసినా రంగు వదలదు, కాబట్టి అది నెత్తురే అన్నాడు. పనిమీద ఆయనకున్న నమ్మకం అది. నేను పక్కనే నిలబడి విన్నాను.

శవం దిగువన తుంగ గడ్డిలో దొరికింది. కొరికిన జాడలు పెద్దగా లేవు. జనం అరుపులకు బెదిరి వదిలేసి ఉంటుందని పెద్దవాళ్ళు తీర్మానించారు. నమ్మదలచుకున్నవాళ్ళకు కారణాలకు కొదవ ఉండదు.

కొన్నాళ్ళకు ఊరి మగవాళ్ళు ఈటెలు, గొడ్డళ్ళు పట్టుకుని ఎండకు బండ మీద పడుకున్న ఒక మొసలిని చుట్టుముట్టారు. అది నీళ్ళలోకి పోబోయింది. వల వేసి ఆపారు. "సూసినోడివి నువ్వు. మొదటి దెబ్బ నీదే," అని ఈటె నా చేతిలో పెట్టారు. పొడిచాను. దాని కడుపు కోస్తే చేపల ముళ్ళు, గులకరాళ్ళు ఉన్నాయి. ఉరుకుందమ్మ పిల్లవాణ్ణి చంకన వేసుకుని వచ్చి దాని మీద ఉమ్మింది. ఆ ఉమ్ము ఎవరి మీద పడవలసిందో ఆ గుంపులో ఒక్కడికే తెలుసు. కడుపులో ఈరన్న గుడ్డ పేలిక కూడా లేదు కాబట్టి ఇది కాదు, అసలుది ఇంకా ఏట్లోనే ఉందని తేల్చారు. మా రేవు మూతపడింది. నీళ్ళు నిదానంగా పారే మంచి రేవు అది. దాన్ని వదిలేసి ఆడవాళ్ళు నాచు పట్టిన బండలున్న ఎగువ రేవుకు పోవడం మొదలుపెట్టారు. అక్కడ కాలు జారి ఒకామె కొట్టుకుపోయింది. మంచి నీళ్ళ బిందె మాత్రం దొరికింది. ఆ చావును ఎవరి పేరు మీద రాయాలి? ఎవరూ నన్ను అడగలేదు. నేను అడుగుతున్నాను. జవాబు నా దగ్గర ఉంది. అది ఇన్నాళ్ళూ లేనట్టే నడుచుకున్నాను.

ఆదివారం వచ్చింది. ఉరుకుందమ్మ వచ్చింది. ఫోన్‌ను మా ఇద్దరి నడుమ చాప మీద పెట్టి గట్టిగా వినపడేటట్టు చేసింది.

"తాతా, బాగుండావా?" శిరీష గొంతు. "ఏం సెప్పాల్నో మా అవ్వ నీకు బాగా నేర్పిచ్చిందా?"

"నోరు ముయ్యి," అంది ఉరుకుందమ్మ. "పెద్దాయన సెప్పేది ఇను."

"ఇంటానే ఉండాను గదవ్వా. ముందు నాది కూడా ఇనమను. తాతా, నాకు ఈత వచ్చు. నేర్పే అక్క ల్యాకుండా మేం దిగం. నీళ్ళు బాగల్యాని పొద్దు ఆమె దిగనియ్యదు, ఒడ్డున కూసోబెట్టి సూపిస్తాది, అదిగో ఆడ లాగుతాంది సూడు అని. లాగితే ఎదురు ఈదగూడదు, పక్కకు ఈదల్ల. నాకు బయ్యం ల్యాదని గాదు. ఉంది. కానీ దేనికి బయపడల్లో నేర్పిస్తాండారు. ఇంటికి రమ్మంటే వస్తా, నాయన మాట కాదనను. కానీ మొసలి తినిందని సముద్రం మానుకోమంటే ఎట్ల?" అంతటితో వదలలేదు. "నిజంగా సూసినావా తాతా నువ్వు?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఎంత పొడవు అని అడిగారు. ఎట్లా పట్టింది అని అడిగారు. చూశావా అని అడగలేదు. ఊ అంటే సరిపోయేది. ఊ అంటే ఆ పిల్లను వాళ్ళ నాయన పోయి తీసుకువస్తాడు, చదువు ఆగుతుంది, నా మొసలి మూడో తరాన్ని కూడా తింటుంది. అనబోయాను. నిజం చెప్పాలంటే ఆ ఊ గొంతు దాకా వచ్చింది. అలవాటైన మాట మరి.

"ల్యాదమ్మా," అన్నాను. "సూడల్యా. మొసలి ల్యాదు. నీళ్ళే."

ఒకసారి మొదలైతే ఆగలేదు. దండోరా వేసిన సంగతి, ఈరన్న వద్దన్న సంగతి, చీర కట్టుకోమన్న మాట, మూట తోసెయ్యమంటే తోయని సంగతి, కడగని రంగు, అన్నీ చెప్పాను. తర్వాత శిరీష మెల్లగా, "అవ్వా, నేను మళ్ళా సేస్తా," అని పెట్టేసింది.

ఉరుకుందమ్మ నన్ను తిట్టలేదు. తిడుతుందని కాచుకుని కూర్చున్నాను. ఆమె ఫోన్‌ను చీర కొంగుతో తుడిచి, మళ్ళీ తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది.

"పొద్దున లేస్తానే దాన్ని తిట్టేదాన్ని," అంది. "ఆ మొసలిని. నా నోరు తెరిస్తే మొదలొచ్చేది ఆ తిట్టే. దానికేం తెలుసు పాపం."

ఒళ్ళోని ఫోన్ మీద చెయ్యి వేసింది.

"నీళ్ళే అయితే, ఆ పిల్ల నీళ్ళనే గదా నేర్సుకుంటాండేది. నేర్సుకోనీ. వాళ్ళ నాయనకు నేను సెప్తాలే."

లేవబోయి ఆగింది. నా ముఖం కేసి చూసింది.

"మరి కాళ్ళకు ఆ గాట్లు ఏంటివి? ఆయప్పకు నీళ్ళు పోసింది నేను. రెండు కాళ్ళకూ, మడమల పైన, సుట్టూరా కోసుకోని పోయిండె. మొసలి పండ్లు అనిరి అందరూ. నీళ్ళు అట్ల కోస్తాయా?"

"తెలియదమ్మా," అన్నాను.

"వస్తా," అని లేచింది. అన్నా అనలేదు.

తెలుసు. నేను దాటేసిన చోటు ఇదే.

ఈరన్న నన్ను బండ మీదికి తోసిన తర్వాత తను కూడా బండ అంచు పట్టుకున్నాడు. రెండు చేతులూ బండ మీద ఉన్నాయి. ఛాతీ దాకా నీళ్ళు. పైకి రాలేకపోయాడు. మూటలోంచి విచ్చుకున్న చిలపలు అతని కాళ్ళకు చుట్టుకున్నాయి. దారాలతో ఒకదానికొకటి గుచ్చి ఉన్నాయి కదా, తడిసిన మూట మొత్తం ఆ కాళ్ళకు వేలాడుతూ నీళ్ళతో పాటు కిందికి లాగుతోంది. ఒక చిలప బండ మీదికి, నా చేతి దగ్గరకు వచ్చి పడి ఉంది.

"కోసెయ్," అన్నాడు.

రంగు పని చేసేవాళ్ళ నడుములో చాకు ఉంటుంది. నా నడుములోనూ ఉంది. నా చెయ్యి చాకు దగ్గరకు పోలేదు. ముడి వెతికింది.

ఇది ఎవరికి చెబితే అర్థమవుతుంది? మా ఇళ్ళలో మాటలు రాకముందే నేర్పేది ఇది. చిలప చిక్కుపడితే కోయకూడదు. కోసిన నూలు మగ్గానికి పనికిరాదు. కొస వెతకాలి, ముడి దొరకబుచ్చుకోవాలి, ఓపికగా విప్పాలి. చిన్నప్పుడు విసుగుపుట్టి ఒకసారి కోసినందుకు మా నాయన నా అరచెయ్యి కాల్చాడు. ఆ చెయ్యే ముడి పట్టుకుంది. గోళ్ళతో విప్పడం మొదలుపెట్టింది. ఈరన్న నా చేతుల కేసి చూస్తున్నాడు. కోపంగా కూడా చూడలేదు. నమ్మలేనట్టు చూశాడు. "కోసెయ్ రా," అన్నాడు మళ్ళీ. వింటూనే ఉన్నాను. విప్పుతూనే ఉన్నాను. ముడి సగం వదులైంది. అతని వేళ్ళు బండ మీదినుంచి జారాయి.

చెయ్యి అలవాటు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అలవాటేనా? మూటను కౌగిలించుకుని వదలని చేతులు కూడా అవే కదా. నూలు పాడవుతుందన్న ఆలోచన ఆ క్షణంలో నా లోపల ఎక్కడా లేదని చెప్పగలనా? చెప్పలేను. ఎంత తవ్వినా అడుగు కనపడటం లేదు.

తర్వాత తుంగలో వెతికేటప్పుడు అందరికంటే ముందు శవం దగ్గరకు చేరింది నేను. కావాలనే ముందు పోయాను. నూలు ఇంకా ఆ కాళ్ళకు బిగుసుకుని ఉంది. రంగంతా పోయి తెల్లబడింది. చాకు తీశాను. కోశాను. ఎంతసేపూ పట్టలేదు. ముక్కల్ని ఏట్లోకి విసిరేసి, వెనక్కి తిరిగి మిగిలినవాళ్ళను కేకేశాను.

ఉరుకుందమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. ఆమెకు చదవడం రాదు. శిరీషకు పంపి చదివి వినిపించమంటే పని అయిపోతుంది, కానీ అది ఆ పిల్ల గొంతు వెనక నేను దాక్కోవడమే అవుతుంది. ఆమె మళ్ళీ మా గడప తొక్కుతుందో లేదో తెలియదు. ఆదోని ఎంతో దూరం లేదు, నేనే పోవచ్చు. పోతానని ఒట్టు పెట్టను. నా ఒట్టుకు ఏం విలువ ఉంది? మిమ్మల్ని క్షమించమనీ అడగను. అది మీ చేతిలో లేదు.

కోసెయ్ అన్న ఆ మాట ఇన్నేళ్ళూ నాకొక్కడికే వినపడేది. ఇప్పుడు మీరూ విన్నారు.